యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 – 1948 ఆగష్టు 8) సుప్రసిద్ధ తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. జీవకణాలకు శక్తినందించే ఆడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే పదార్థాన్ని (క్లుప్తంగా ఎ.టి.పి.) కండరాల నుండి వేరుచేసినవారిలో ఈయన ఒకడు. ఫాస్ఫోక్రియాటిన్ ఆవిష్కరణ, ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్, కాన్సరు చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ ఈయన చేసిన, లేదా ఈయన నాయకత్వంలో జరిగిన పరిశోధనల ఫలితాలు. ఈయన కండరంలోను, కాలేయంలోను గుర్తించిన పదార్థాలలో కొన్ని బాక్టీరియా మొదలుకొని మానవుని వరకు అన్ని జీవులలోను పనిచేస్తాయని, కొన్నిచోట్ల అవి సంకేతాలు మోసే పనిలో కూడా పాల్గొంటాయని తరువాతి కాలంలో తేలింది. బాక్టీరియా తన చుట్టూ ఉన్న రసాయనాలను పసిగట్టి వాటి వైపు కదలడం ఇందుకు చక్కని ఉదాహరణ.

బాల్యం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవాడు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయన అనారోగ్యం వలన కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. సుబ్బారావు రాజమండ్రిలో చదువుకునే రోజులలో, పదమూడేళ్ళ వయసులో, కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి ఈయనను వెనుకకు రప్పించి తిరిగి బడిలో చేర్పించింది. కొంతకాలానికి తండ్రి మరణించగా కుటుంబ భారమంతా తల్లిపై పడింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడయ్యాడు.

వైద్యవిద్య

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు సుబ్బారావు రామకృష్ణ మిషన్ వైపు ఆకర్షితుడై సన్యసించాలని సంకల్పించాడు. తల్లి అందుకు అంగీకరించలేదు. వైద్యం నేర్చుకుంటే ప్రజలకు సేవచేయవచ్చునని మిషన్ వారు కూడా సలహా ఇవ్వడంతో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. మిత్రుల సహాయంతోను, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సహకారంతోను చదువు సాగింది. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది.

గాంధీజీ పిలుపు నందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతులకు కూడా ఖద్దరు దుస్తులతో హాజరయ్యేవాడు. శస్త్రచికిత్స ఆచార్యునికి ఇది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా వ్రాసినప్పటికీ ఈయనకు పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకక, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకునిగా చేరాడు.

ఇదే కాలంలో సంభవించిన ఒక విషాదం ఈయన జీవిత మార్గాన్ని నిర్ణయించింది. ఈయన సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలో ఉష్ణమండల స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో పేగులు ఆహారంలోని పోషకాలను గ్రహించలేకపోవడం వలన రోగి క్రమంగా క్షీణించి, రక్తహీనతకు గురవుతాడు. ఆనాడు దానికి సరియైన మందు లేదు. సుబ్బారావు కూడా అదే వ్యాధి బారినపడి, లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. ఉష్ణమండల వ్యాధుల గురించి లోతుగా అధ్యయనం చేయాలనే కోరిక అప్పటినుండి బలపడింది.

అమెరికా ప్రయాణం

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయ హామీతోను, మామగారు సమకూర్చిన ధనంతోను సుబ్బారావు విదేశానికి బయలుదేరి, 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు కాని, విద్యార్థి వేతనం లభించలేదు. పొట్టపోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట సేవకునిగా పనిచేశాడు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన పిమ్మట హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనకు చేరాడు.

భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయింది. సుబ్బారావు వెళ్ళిన తరువాత జన్మించిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. సుబ్బారావు ఆ బిడ్డను చూడలేదు. తిరిగి భారతదేశానికి రావడం కూడా ఈయనకు జీవితంలో సాధ్యపడలేదు.

భాస్వరం కొలిచే పద్ధతి

రక్తం, మూత్రం, కణజాలం వంటివాటిలో భాస్వరం ఎంత ఉన్నదో కచ్చితంగా, త్వరగా కొలిచే పద్ధతి ఆనాడు లేదు. ఫిస్కే, సుబ్బారావు కలిసి రూపొందించిన పద్ధతి 1925లో ప్రచురితమైంది. ఇందులో నమూనాలోని ఫాస్ఫేటును ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేటుతో కలుపుతారు. ఏర్పడిన సంయోగ పదార్థాన్ని క్షయీకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎక్కువగా ఉంటే రంగు చిక్కబడుతుంది. ఆ రంగు తీవ్రతను తెలిసిన ద్రావణపు రంగుతో పోల్చి పరిమాణం లెక్కిస్తారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా పేరొందిన ఈ పరీక్ష తరతరాల విద్యార్థులకు ప్రయోగశాలలో పాఠమైంది.

ఈ పద్ధతిని కండరపు సారానికి ఉపయోగించినప్పుడు ఒక వింత కనిపించింది. నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా చిక్కబడసాగింది. పద్ధతిలో ఏదో లోపమున్నదని దానిని విడిచిపెట్టక, ఇద్దరూ కారణం వెదికారు. కండరంలో ఫాస్ఫేటు మరొక పదార్థంతో బలహీనంగా బంధింపబడి ఉన్నదని, ఆమ్లంలో ఆ బంధం మెల్లగా విడిపోతున్నదని తేలింది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. దీనిని 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా అదే కాలంలో స్వతంత్రంగా దీని ఉనికిని గమనించారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమనే సిద్ధాంతం అప్పుడు ప్రబలంగా ఉండేది. ఫాస్ఫోక్రియాటిన్ ఆవిష్కరణ ఆ సిద్ధాంతాన్ని పునరాలోచింప జేసింది.

1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుండి ఎ.టి.పి.ని వేరుచేసిన సంగతి ప్రకటించారు. అదే సంవత్సరం, కొంచెం ముందుగా, జర్మనీలో కార్ల్ లోహ్‌మన్ ఇదే పదార్థాన్ని ప్రకటించాడు. అందువలన ఈ ఆవిష్కరణ ఘనతను ఉభయులకూ ఇస్తారు. ఎ.టి.పి.లో ఒక ఆడినోసిన్ భాగానికి మూడు ఫాస్ఫేట్లు వరుసగా తగిలించి ఉంటాయి. చివరి ఫాస్ఫేటు విడిపోయినప్పుడు వెలువడే శక్తిని కణం తన పనులకు వాడుకుంటుంది. ఈ ఊహను 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ విపులీకరించాడు.

హార్వర్డులో అన్యాయం

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ నుండి పిహెచ్.డి. పట్టా లభించింది. ఆ తరువాత దాదాపు దశాబ్దంపాటు అక్కడే పనిచేసి, పెర్నీషియస్ రక్తహీనతకు కాలేయపు సారంలో ఉన్న మందేమిటో వెలికితీసే ప్రయత్నం చేశాడు. ఇంత పని చేసినా ఈయనకు శాశ్వత అధ్యాపక పదవి దక్కలేదు. ఫిస్కే వద్దనే పరిశోధన చేసి, తరువాత నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు వెలుగులోకి రానీయకపోవడం వలన ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని పేర్కొన్నాడు. సుబ్బారావు స్వయంగా ప్రచారానికి దూరంగా ఉండేవాడు. చేసిన పనికి పేరు కోరి పోరాడడం ఈయన స్వభావం కాదు.

లెడర్లీ ప్రయోగశాల

1940లో సుబ్బారావు హార్వర్డ్ విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందిన సంస్థ. 1942లో పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యాడు. ఇక్కడ గడిపిన ఎనిమిది సంవత్సరాలలో ఈయన నాయకత్వాన వెలువడిన ముఖ్యమైన ఫలితాలు ఇవి:

ఫోలిక్ ఆమ్లం: 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతున్నదని గమనించింది. అందులోని పదార్థం ఏమిటో అప్పుడు తెలియలేదు. ఈ పదార్థాన్ని గుర్తించడానికి బాక్టీరియా తోడ్పడింది. లాక్టోబాసిల్లస్ కేసియై అనే బాక్టీరియా ఇది లేనిదే పెరగదు. కాబట్టి ఏ నమూనాలో బాక్టీరియా బాగా పెరిగితే ఆ నమూనాలో ఈ పదార్థం ఎక్కువ ఉన్నట్లు. ఈ కొలతను ఆధారం చేసుకొని లెడర్లీ బృందం దానిని శుద్ధిచేసి, నిర్మాణం తెలుసుకొని, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. త్వరలోనే దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా రక్తహీనత తగ్గింది. సుబ్బారావు సోదరులను బలిగొన్న వ్యాధికి ఆ విధంగా ఒక మందు సిద్ధమైంది.

ఫోలిక్ ఆమ్ల విరోధులు: ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలను లెడర్లీ రసాయనవేత్తలు తయారుచేశారు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వీటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్తకాన్సరుతో బాధపడుతున్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ కాన్సరు చికిత్సలోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉన్నది.

డైఇథైల్ కార్బమజైన్: 1947లో హెట్రజాన్ అనే పేరుతో వెలువడిన ఈ మందు బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిముల పిల్లలను రక్తంలో నశింపజేస్తుంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో ఫైలేరియా నివారణకు సామూహికంగా పంపిణీ చేసే మాత్రలలో ఇది ముఖ్యమైనది.

ఆరియోమైసిన్: వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరి నుండి తెచ్చిన మట్టి నమూనాలో ఒక సూక్ష్మజీవిని గుర్తించి, దానినుండి ఈ యాంటీబయాటిక్‌ను వెలికితీశాడు. 1948లో లోకానికి వెల్లడైన ఇది బాక్టీరియాలో ప్రోటీన్ల తయారీని ఆపివేస్తుంది.

బాక్టీరియా సంకేత వ్యవస్థలో సుబ్బారావు పదార్థాలు

సుబ్బారావు బాక్టీరియా చలనంపై పరిశోధన చేయలేదు. అయినప్పటికీ, ఈయన కృషి చేసిన రెండు పదార్థాలు, ఎ.టి.పి. మరియు ఫోలిక్ ఆమ్లం, ఆ వ్యవస్థను అర్థం చేసుకోవడానికి అవసరమైనవి.

బాక్టీరియా ఆహారం వైపు కదలడాన్ని రసాయనానుచలనం అంటారు. జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫెఫర్ 1880లలో సన్నని గాజుగొట్టంలో ఆహార ద్రవం నింపి, బాక్టీరియా దాని మూతి వద్ద గుమిగూడడం చూపాడు. 1960లలో అమెరికాలో జూలియస్ అడ్లర్ ఇ.కోలై బాక్టీరియాపై ఈ ప్రయోగాన్ని పునరుద్ధరించి, బాక్టీరియా ఆహారాన్ని జీర్ణించుకోవడం వలన కాక, దాని గ్రాహక ప్రోటీన్ల ద్వారా దానిని గుర్తిస్తున్నదని నిరూపించాడు.

ఇ.కోలైకి కశాభాలు అనే తోకలు ఉంటాయి. ఇవి అపసవ్య దిశలో తిరిగినప్పుడు కట్టగా చేరి బాక్టీరియాను దాదాపు ఒక సెకను సేపు తిన్నగా ముందుకు నడుపుతాయి. కొన్ని సవ్య దిశకు మారితే కట్ట విడిపోయి బాక్టీరియా గిరికీలు కొట్టి, కొత్త దిశకు తిరుగుతుంది. ఆహారం పెరుగుతున్న వైపు వెళుతున్నప్పుడు గిరికీలు తగ్గుతాయి. ఆ కారణంగా ఎటు పోవాలో ముందు తెలియకపోయినా అది క్రమంగా ఆహారాన్ని చేరుకుంటుంది.

గ్రాహకం నుండి కశాభం వరకు వార్త చేరవేసేది ఫాస్ఫేటు. ఉపరితలం దగ్గర గ్రాహకంతో జతపడి ఉన్న చీ-ఎ అనే ప్రోటీను ఎ.టి.పి. నుండి చివరి ఫాస్ఫేటును తీసుకొని తనకు తగిలించుకుంటుంది. తరువాత దానిని చీ-వై అనే చిన్న ప్రోటీనుకు అందిస్తుంది. ఫాస్ఫేటు అందుకున్న చీ-వై కశాభపు మొదలుకు చేరి దానిని సవ్య దిశకు తిప్పుతుంది. చీ-జెడ్ అనే మరొక ప్రోటీను ఆ ఫాస్ఫేటును తొలగించి వార్తను చెరిపివేస్తుంది. ఆకర్షక పదార్థం గ్రాహకానికి తగిలినప్పుడు చీ-ఎ మందగిస్తుంది. చీ-వైకి ఫాస్ఫేటు తక్కువ అందుతుంది. బాక్టీరియా తిన్నగా సాగిపోతుంది. ఈ ఫాస్ఫేటు బదిలీని 1987–88లో మెల్విన్ సైమన్ బృందం ప్రయోగపూర్వకంగా చూపింది. అంతకుముందే, 1974లో అడ్లర్ బృందం, ఎ.టి.పి. తగ్గిన బాక్టీరియా కదలగలదు కాని ఆకర్షకాలను అనుసరించలేదని కనుగొన్నది. కశాభాన్ని తిప్పే శక్తి ప్రోటాన్ల ప్రవాహం నుండి వస్తుంది. సంకేతం పంపడానికి మాత్రం ఎ.టి.పి. కావాలి.

రెండవ పదార్థం జ్ఞాపకానికి సంబంధించినది. ఎప్పుడూ ఒకే సంకేతం వచ్చే చోట బాక్టీరియా అలవాటుపడి, తిరిగి మునుపటి స్థితికి రావాలి. లేకుంటే ఆహారం పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అనే తేడా తెలియదు. ఇందుకోసం చీ-ఆర్ అనే ప్రోటీను గ్రాహకానికి మిథైల్ సమూహాలను తగిలిస్తుంది, చీ-బి వాటిని తొలగిస్తుంది. గ్రాహకంపై ఉన్న మిథైల్ సమూహాల సంఖ్య కొద్ది క్షణాల క్రితపు పరిస్థితికి గుర్తు. ఈ సమూహాలు మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుండి వస్తాయి. మిథియోనిన్ లోపిస్తే బాక్టీరియా ఆకర్షకాలను అనుసరించలేదని అడ్లర్ బృందం 1967లోనే గమనించింది. బాక్టీరియా కణంలో మిథియోనిన్‌కు మిథైల్ సమూహాన్ని అందించేది ఫోలిక్ ఆమ్ల కుటుంబానికి చెందిన సహాయక పదార్థమే. ఆ తరువాత మిథియోనిన్ ఎ.టి.పి.తో కలిసి, చీ-ఆర్ వాడుకునే రూపం పొందుతుంది.

ఈ విధంగా చూస్తే రంగు మెల్లగా రావడానికి కారణం వెదకిన పరిశోధన, రక్తహీనతకు మందు వెదకిన పరిశోధన రెండూ జీవకణంలో ఒకే చోట కలుస్తాయి. పేగులలో నివసించే ఇ.కోలై వంటి నిరపాయ జీవికే కాక, టైఫాయిడు కలిగించే సాల్మొనెల్లా వంటి వ్యాధికారకానికి కూడా ఇటువంటి వ్యవస్థే ఉన్నది.

మరణం

సుబ్బారావు 1948 ఆగష్టు 8న, 53 సంవత్సరాల వయసులో, న్యూయార్కులో నిద్రలో గుండెపోటుతో మరణించాడు. ఫార్బర్ ఫలితాలు వెలువడి కొన్ని వారాలే అయింది. అదే సంవత్సరం ఇంగ్లండులో అలెగ్జాండర్ టాడ్ బృందం ఎ.టి.పి.ని కృత్రిమంగా తయారుచేసి, దాని నిర్మాణాన్ని ధృవపరచింది. సుబ్బారావు చివరి వరకు భారతీయ పౌరునిగానే ఉన్నాడు.

గుర్తింపు

జీవించి ఉండగా ఈయనకు తగిన గుర్తింపు రాలేదు. ఈయన గుర్తుగా 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఒక తపాలా బిళ్ళ విడుదల చేసింది.

తెలుగు ప్రాంతంలో ఔషధ పరిశోధన పెద్దయెత్తున విస్తరించింది సుబ్బారావు మరణించిన చాలా కాలానికి. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలో 1990ల చివరి నుండి జీనోమ్ వ్యాలీ అనే పేరుతో జీవసాంకేతిక సంస్థలు వెలిశాయి. శామీర్‌పేట సమీపంలోని తుర్కపల్లి వద్ద ఉన్న భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన టైఫాయిడు సంయుగ్మ టీకా 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందింది. ఆ టీకా బాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థంపై ఆధారపడినది. పైన వివరించిన చలన వ్యవస్థతో దానికి ప్రత్యక్ష సంబంధం లేదు. ఈ సంస్థలేవీ సుబ్బారావు స్థాపించినవి కావు, ఈయన ఆ ప్రాంతంలో పనిచేయనూ లేదు. 1922లో ఉష్ణమండల వ్యాధులకు మందు వెదకడం నేర్చుకోవడానికి ఒక తెలుగు వైద్యుడు సముద్రాలు దాటి, రాత్రిపూట ఆసుపత్రి సేవకునిగా పనిచేయవలసి వచ్చింది. నేడు ఆ పని స్వదేశంలో చేసే వీలు అక్కడ ఉన్నది.